ముప్పై తొమ్మిదో శాల్తీ

మా బావ వెండెల్ క్రోప్ రెండేళ్ళ పాటు ప్యాంటుకి పురికొస కట్టుకుని తిరిగాడు. గడ్డిమోపులు కట్టే నారింజ రంగు పురికొస. బెల్టు లేక కాదు. మంచి తోలు బెల్టే ఉంది, దాని బకిల్ విరిగిపోయింది. కొత్తది కొనుక్కోవయ్యా అంటే వినడు. మా నెబ్రాస్కాలో పశువుల లారీలు తోలేవాళ్ళకి ఒక సంఘం ఉంది. ముప్పై ఏళ్ళు ఒక్క పోలీసు జరిమానా చీటీ పడకుండా బండి నడిపినవాడికి ఆ సంఘం ఒక వెండి బకిల్ ఇస్తుంది. అరచేయంత ఉంటుంది, మధ్యలో ఆవు మొహం, కింద మన పేరు. వెండెల్ అలా చీటీ లేకుండా ఇరవై ఎనిమిదేళ్ళు నడిపాక పాతది విరిగింది. ఇంకెంత, రెండేళ్ళేగా అన్నాడు. పురికొస కట్టాడు. చర్చికి కూడా అలాగే వచ్చేవాడు.

నేను చెప్పేది ఆగస్టులో ఒక బుధవారం సంగతి. ఆ శుక్రవారంతో వెండెల్‌కి చీటీ లేని ముప్పై ఏళ్ళు నిండుతాయి. శనివారం సంఘం విందు, బకిల్.

నేనెవరో కూడా చెప్పాలి కదా. పేరు డెల్మర్. వెండెల్ పెళ్ళాం మార్వా నా చెల్లెలు. నాకు అరవై ఎనిమిదేళ్ళు. ఒకప్పుడు నేనూ లారీ తోలినవాణ్ణే, కానీ ఇప్పుడు లైసెన్సు లేదు. జూలై నాలుగో తారీకు స్వాతంత్ర్య దినం ఊరేగింపులో ఫైరింజన్ని వెనక్కి నడిపాను, బ్యాండు మేళం వాళ్ళు ఎంత వేగంగా పరిగెత్తగలరో చూద్దామని. బాగానే పరిగెత్తారు. లైసెన్సు మాత్రం తిరిగి రాలేదు. అప్పట్నుంచీ వెండెల్ బండిలో పక్క సీట్లో కూర్చుని కబుర్లు చెప్పడం నా ఉద్యోగం. ఆ ఉద్యోగం నాకు ఎవరూ ఇవ్వలేదు.

పశువుల లారీ వాళ్ళ మీద ప్రభుత్వానికి కొంచెం దయ ఉంది. మామూలు లారీ డ్రైవరు రోజుకి పదకొండు గంటలే నడపాలి, అదీ పని మొదలెట్టిన పద్నాలుగు గంటల లోపలే. ఆ తర్వాత పది గంటలు బండి కదలకూడదు. అద్దం పక్కన ఒక డబ్బా ఉంటుంది, అది అన్నీ రాసుకుంటూ ఉంటుంది. సబ్బులు మోసేవాడికి ఇది బానే ఉంటుంది, సబ్బులకి దాహం వేయదు కాబట్టి. ఆవులకి వేస్తుంది. అందుకని ఆవుల్ని ఎక్కించిన చోటు నుంచి నూట డెబ్భై చిల్లర మైళ్ళ దాకా గడియారం లెక్కలేదు. రోడ్డు వంకరలతో పనిలేదు, దారం లాగినట్టు సూటిగా కొలుచుకోవచ్చు. దించబోయే చోటు చుట్టూ కూడా అంతే దూరం మినహాయింపు. ఈ రెండు గుండ్రాలకీ నడుమ ఉన్న నేల మీద మాత్రం ఆవులకి దాహం వేయదని ప్రభుత్వం నమ్మకం.

ఆ గుండ్రాలు మా మార్వా గీస్తుంది. వంటింటి గోడకి పెద్ద మ్యాపు అంటించి ఉంది. ఆపిల్ పై అనే తీపి రొట్టె వండే రేకు పళ్ళెం ఆ మ్యాపు మీద బోర్లిస్తే సరిగ్గా నూట డెబ్భై చిల్లరకి సరిపోతుంది. ఎలా సరిపోయిందో దేవుడికే తెలియాలి. ఊరిమీద పళ్ళెం పెట్టి పెన్సిలుతో చుట్టూ తిప్పేస్తుంది. మా జిల్లాలో సగం మంది డ్రైవర్లు ఆమెకి ఫోన్ చేసి, అక్కా కొంచెం పళ్ళెం పెట్టి చూడవా అని అడుగుతారు.

ఆ బుధవారం మేము ఆరెగాన్ నుంచి మా నెబ్రాస్కాకి ముప్పై ఎనిమిది చూడి ఆవుల్ని తెస్తున్నాం. ఈనడానికి ఇంకా నెల ఉందని అమ్మినాయన చెప్పాడు. పశువుల ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టి, ముప్పై ఎనిమిది శాల్తీలు అని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. తెల్లవారి నాలుగింటికి మొదటి గుండ్రం గీత దాటాం. డబ్బా గడియారం మొదలుపెట్టింది. అంటే మధ్యలో ఆగే వేళలతో కలిపి సాయంత్రం ఆరింటికల్లా రెండో గుండ్రంలో పడాలి. వెండెల్ లెక్క ప్రకారం అరగంట మిగులుతుంది.

ఆ అరగంట నేను తినేశాను. ఇది ఇక్కడే ఒప్పేసుకుంటున్నాను.

అయిడహోలో పొద్దున డీజిలు పట్టించుకోవడానికి ఆగాం. వెండెల్ బాత్రూముకి వెళ్ళాడు. బల్లమీద లారీ తాళం చెవి, దాని పక్కన జామ్ నింపిన డోనట్. ఈ రెండూ పక్కపక్కన కనిపిస్తే నాలాంటివాడు ఏం చేస్తాడు? చెవిని డోనట్‌లోకి దూర్చేశాను. వచ్చి కొరుకుతాడు, పన్ను టక్కుమంటుంది, నవ్వుకుంటాం, బయల్దేరతాం. కానీ వెండెల్ ముందు తాళం కోసం చూశాడు. కనబడకపోయేసరికి ఇంక తిండి ఎక్కుతుందా? సీటు కింద వెతికాడు, చక్రాల కింద వెతికాడు, చెత్తబుట్టలో మోచేతి దాకా పెట్టి కెలికాడు. ఆయన మొహం చూస్తుంటే నాకు నవ్వు పోయి భయం పట్టుకుంది. నలభై నిమిషాల తర్వాత, ఎవరూ చూడకుండా చెవిని బయటికి లాగి, చొక్కాకి తుడిచి, టైరు పక్కన పడేసి, ఇదిగో బావా దొరికింది అన్నాను. వెండెల్ నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళలో తాళం పారేసుకోవడం ఇదే మొదటిసారట. నువ్వు లేకపోతే ఏమయ్యేవాణ్ణో అన్నాడు. చెవి ఎందుకిలా జిగటగా ఉందని మాత్రం వయోమింగ్ సరిహద్దు దాకా ఆలోచించాడు.

సాయంత్రం ఆరుకి మూడు నిమిషాలుందనగా డబ్బా కీచుమంది. చలికాలంలో మంచు మీద జారకుండా టైర్లకి గొలుసులు వేసుకోవడానికి రోడ్డు పక్కన కంకర పోసిన జాగా ఉంటుంది కదా, వెండెల్ బండిని అందులోకి తిప్పి ఇంజన్ ఆపేశాడు. మార్వాకి ఫోన్ చేశాడు. ఆమె పళ్ళెం పెట్టి చూసింది. గీత సరిగ్గా కొమ్ముల కుందేలు బొమ్మ మీదుగా పోతోందట. మీకు తెలియకపోవచ్చు, వయోమింగ్ వాళ్ళకి కొమ్ములున్న కుందేలంటే మహా మోజు. రోడ్డు పక్కన ఇంటెత్తు సిమెంటు బొమ్మ కట్టారు. అక్కడికి తొమ్మిది మైళ్ళు. బండి టాపెక్కి దుర్భిణితో చూస్తే కొమ్ములు కనిపిస్తున్నాయి. ఆ కొమ్ములకి అవతల వెండెల్ రాత్రంతా నడిపినా, వారమంతా నడిపినా అడిగే నాథుడు లేడు. ఇవతల ఒక్క అడుగు వేసినా చీటీ.

ఎండ ఇంకా మాడ్చేస్తోంది. వెనక ఆవులు కాళ్ళు మార్చుకుంటున్నాయి, బండి మొత్తం ఊగుతోంది. పది గంటలు ఇలా నిలబెడితే వాటి గతేంటని వెండెల్ నన్ను అడగలేదు, అద్దంలో వాటినే చూస్తూ కూర్చున్నాడు. పురికొసని విప్పడం, మళ్ళీ కట్టడం, విప్పడం.

నేను ఉపాయాలు చెప్పాను. ఎవరి ట్రాక్టరుకో కట్టి లాగిద్దాం, అప్పుడు నడిపింది నువ్వు కాదు కదా అన్నాను. చక్రం తిరిగితే డబ్బా రాస్తుంది అన్నాడు. నేను నడుపుతానన్నాను. తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాడు. మంచో పొగమంచో అనుకోకుండా అడ్డొస్తే రెండు గంటలు ఎక్కువ ఇస్తారుగా, అదేదో రాసేయ్ అన్నాను.

"ఆగస్టులో మంచు ఎక్కడ పడింది బావా?"

"తాళం పోయింది కదా, అది కూడా అనుకోనిదేగా."

"పోగొట్టుకున్నది నేను. నా అజాగ్రత్తని వాతావరణం మీదకి ఎలా తోసేది?"

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు హైవే పోలీసు కారు వచ్చి ఆగింది. దిగిన అమ్మాయి పేరు లైనెట్ హ్యాగర్ట్ అని జేబు మీద రాసి ఉంది. ముప్పై ఏళ్ళుంటాయేమో, మొహం ఇస్త్రీ చేసినట్టుంది. వెండెల్ అడగకముందే ఉన్నదున్నట్టు అంతా చెప్పేశాడు, గంటలు, నిమిషాలు, పళ్ళెం, కుందేలు అన్నీ. ఆ అమ్మాయి డబ్బా చూసింది, ఆవుల్ని చూసింది, టోపీ తీసి మళ్ళీ పెట్టుకుంది. ఆమె చెప్పిన సారాంశం ఇది. బండి కదిలితే గంటలు దాటి నడిపినందుకు చీటీ. కదలకపోతే, ఈ ఎండలో పశువుల్ని హింసించినందుకు చీటీ.

"ఏదీ చేయకపోతే?" అన్నాను నేను.

"అదే రెండోది పెద్దాయనా."

వెండెల్ రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టాడు. తర్వాత, సరేనమ్మా, మొదటి చీటీ రాసుకోండి, ఆవుల్ని తీసుకెళ్ళిపోతాను అన్నాడు. అంత నెమ్మదిగా అన్నాడు. ఇంకో రెండు రోజుల్లో నిండే ముప్పై ఏళ్ళని వదిలేస్తున్నాడని ఆ అమ్మాయికి తెలియదు. నాకు తెలుసు. నోరు తెరిచాను. కానీ ఆ క్షణంలోనే వెనక అరలో ధడేల్మని చప్పుడయింది.

వెళ్ళి కన్నాల్లోంచి చూస్తే ఎర్రావు ఒకటి పడుకుని ముక్కుతోంది. తోక కింద రెండు చిన్న గిట్టలు. నెల ఉందన్న ఆరెగాన్ ఆయన్ని ఏమనాలో అది అన్నాం. లైనెట్ అమ్మాయి తుపాకీ బెల్టు విప్పి నా చేతికి ఇచ్చి, ఏం ఆలోచించిందో మళ్ళీ లాక్కుని వెండెల్‌కి ఇచ్చింది. చొక్కా చేతులు మడిచి పక్క తలుపులోంచి లోపలికి దూరింది. పశువుల మధ్య పుట్టి పెరిగిన పిల్ల అని అప్పుడు తెలిసింది. ఆవుతో ఏదో మాట్లాడుతూ, అది ముక్కినప్పుడల్లా లాగుతూ, పావుగంటలో దూడని బయట పడేసింది. పెయ్యదూడ. మొహం మీద తెల్ల మచ్చ. తడితడిగా లేచి, పడి, లేచి, పొదుగు వెతుక్కుంది.

నాకు చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. కానీ ఆ దూడని చూడగానే బుర్రలో దీపం వెలిగింది.

"అమ్మాయ్, ఆరెగాన్ కాగితంలో ఎన్ని శాల్తీలున్నాయి?"

"ముప్పై ఎనిమిది."

"లోపల ఎన్నున్నాయి?"

లెక్కపెట్టకుండానే, ముప్పై తొమ్మిది అంది.

"మరి ఆ ముప్పై తొమ్మిదోది ఎక్కడ ఎక్కింది?"

ఆమె ఒక చేత్తో మొహం తుడుచుకుని నన్ను చూసింది. ఎక్కించిన చోటు నుంచే కదా గుండ్రం, అన్నాను. అది ఎక్కిందే ఇక్కడ. కనక గుండ్రం ఈ కంకర మీద మొదలవుతుంది. వెండెల్ నన్ను నోరుముయ్యమన్నాడు. ఆ అమ్మాయి మాత్రం మూయమనలేదు. కారులోకి వెళ్ళి, ఇలాంటివి చూసే ఆఫీసాయనకి ఫోన్ చేసి, మేము కూడా వినేలా పెట్టింది.

ఆఫీసాయన గొంతు వింటే భోంచేస్తున్నట్టుంది. మొదట, దూడ తల్లి కడుపులోనే ఉంది కాబట్టి అది కూడా ఆరెగాన్‌లోనే ఎక్కినట్టు అన్నాడు. అలా అయితే ఆరెగాన్ ఇన్‌స్పెక్టరు ముప్పై తొమ్మిదింటిని ఎక్కనిచ్చి ముప్పై ఎనిమిదికి సంతకం పెట్టాడన్నమాట, ఆయన మీద ఫిర్యాదు మీరు రాస్తారా, మమ్మల్ని రాయమంటారా అని లైనెట్ అమ్మాయి మర్యాదగా అడిగింది. నమలడం ఆగిపోయింది. పక్క రాష్ట్రంతో గొడవ ఎవరికి కావాలి? సరే, దూడ వయోమింగ్‌లోనే ఎక్కిందనుకోండి, దూడకి మినహాయింపు ఉంది, దూడని తీసుకుపోవచ్చు అన్నాడు. తక్కిన ముప్పై ఎనిమిదింటికి లేదు.

"తల్లి లేకుండా దూడ ఏం తాగుతుంది సార్?" అన్నాను నేను, ఫోన్ దగ్గరికి వంగి.

పశువుల మేతకి కూడా మినహాయింపు ఉందని ఆయనే చదివి వినిపించాడు. పుస్తకం ఆయన చేతిలోనే ఉంది మరి. అయితే తల్లి, దూడకి మేత కిందకి వస్తుందన్నాను. ఆఫీసాయన పుస్తకం పేజీలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. చివరికి ఒప్పుకున్నాడు. ఇక ముప్పై ఏడు. వాటికి మాత్రం ఏ దారీ లేదు, అవి కిందకి దిగాల్సిందే, మళ్ళీ ఎక్కడ ఎక్కితే అదే వాటి చోటు అని చెప్పి, ఇంకేమీ అడగకముందే ఫోన్ పెట్టేశాడు.

అంటే దించి, ఇక్కడే మళ్ళీ ఎక్కిస్తే చాలన్నమాట.

ఆ దగ్గర్లో ఆరిన్ ట్వీట్ అని ఒక పశువులాయన ఉన్నాడు, లైనెట్ అమ్మాయికి తెలిసినవాడే. చక్రాలున్న ఎక్కుడుబల్ల, ఇనప కటకటాలు, నీళ్ళ తొట్టి వేసుకుని పికప్‌లో వచ్చాడు. ఎందుకూ ఏమిటీ అని అడగలేదు. ముప్పై ఏడు ఆవులూ ఒక్కొక్కటిగా దిగి, నీళ్ళు తాగి, కంకర మీద నిలబడి తోకలు ఆడించాయి. దిగాల్సిన పనిలేని దూడా, దాని మేతా లోపలే ఉండి బయటికి చూస్తున్నాయి. తర్వాత ఆ ముప్పై ఏడూ మళ్ళీ ఎక్కాయి. వెండెల్‌కి అప్పుడు కానీ మనసు కుదుటపడలేదు.

"ఇది మోసం కాదు కదమ్మా?" అన్నాడు.

"మీ కళ్ళముందే ఇక్కడ ఎక్కాయి కదా సార్. కళ్ళముందు జరిగింది మోసం ఎలా అవుతుంది?"

అంతా అయిపోయిందనుకున్నాం. ఆ అమ్మాయి కాగితం తీసి రాయడం మొదలుపెట్టింది. బండి ఆపిన చోటు, సమయం, శాల్తీలు ముప్పై తొమ్మిది. ఆలస్యానికి కారణం అన్న గడి దగ్గర ఆగింది. అది ఖాళీగా వదలకూడదట.

"రాయండి. డ్రైవరు తాళం పారేసుకున్నాడు, అజాగ్రత్త," అన్నాడు వెండెల్.

అలా రాస్తే మీ పేరు మీద మచ్చ పడుతుంది సార్ అందామె. జరిగిందే రాయాలి కదా అన్నాడు. కలం కాగితం మీద ఆనింది.

పుట్టి ఇన్నేళ్ళకి నేను ఇష్టపూర్వకంగా నిజం చెప్పింది మూడుసార్లు. అది మూడోది.

"ఆయన పారేసుకోలేదు. నేనే డోనట్‌లో పెట్టాను."

ఆరిన్ ట్వీట్ తొట్టి ఖాళీ చేస్తున్నవాడు ఆపి నిలబడ్డాడు. వెండెల్ నా వైపు తిరగలేదు. జేబులోంచి తాళం చెవి తీసి, వాసన చూసి, నెమ్మదిగా, రాస్ప్‌బెర్రీ జామ్ అన్నాడు.

లైనెట్ అమ్మాయికి చిరాకొచ్చింది. "ఈ మాట ఆరింటికే చెప్పొచ్చుగా పెద్దాయనా. డ్రైవరు ముందుగా ఊహించలేనిది ఏదైనా అడ్డొస్తే రెండు గంటలు ఇచ్చేదాన్ని. దూడ అక్కర్లేదు, ఫోన్లు అక్కర్లేదు." తర్వాత వెండెల్ వైపు తిరిగింది. "ఇప్పుడైనా రాస్తాను సార్. ఇలా జరుగుతుందని మీకు ముందుగా తెలియదనే కదా?"

వెండెల్ తాళం చెవిని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. నేను తల ఊపుతున్నాను, తెలియదని చెప్పు, తెలియదని చెప్పు అని.

"వీడు నలభై ఏళ్ళుగా నాకు బావమరిది. తెలియదని ఎలా చెప్పను తల్లీ," అన్నాడు.

దాంతో ఆ రెండు గంటలు పోయాయి. దూడ లెక్క మీదే బయల్దేరాలి. కారణం గడిలో ఆ అమ్మాయి "ప్రయాణికుడు" అని ఒక్క మాట రాసింది. తర్వాత ఇంకో పుస్తకం తీసి ఒక చీటీ రాసి చింపింది. ఆ రోజు ఆమె రాసిన చీటీ అదొక్కటే, దాని మీద పేరు నాది.

వెండెల్ బండెక్కాడు. నేను రెండో పక్కకి వెళ్ళి తలుపు లాగితే రాలేదు. కిటికీ అద్దం నాలుగు వేళ్ళంత దిగింది.

"ఆవులకి మినహాయింపు ఉంది బావా. దూడకి ఉంది, మేతకి ఉంది. నీకు ఏ పుస్తకంలోనూ లేదు."

బండి కదిలింది. కుందేలు కొమ్ముల వైపు వెళ్ళిపోయింది. ఆరిన్ ట్వీట్ నన్ను రెండు రోజులు ఉంచుకుని, కంచె గుంజలు పాతించాడు. శనివారం పొద్దున పందుల లారీ ఒకటి మా వైపు వెళ్తుంటే ఎక్కించాడు. ఆ డ్రైవరు ముందు సీట్లో కుక్క ఉంది, అది జరగలేదు, నేను దాని కిందే కూర్చున్నాను.

సంఘం విందు హాల్లోకి నేను వెళ్ళేసరికి మాంసాలు వడ్డిస్తున్నారు. వెండెల్ వేదిక మీద ఉన్నాడు, ప్యాంటు బిగువుగా నడుం మీద, మధ్యలో వెండి బకిల్ మెరుస్తోంది. ఏదైనా మాట్లాడమన్నారు. ఆయన తక్కువ మాట్లాడే మనిషి.

"ముప్పై ఏళ్ళలో నలభై నిమిషాలకి నాకు లెక్క దొరకలేదు. ఆ లెక్క ఇప్పుడే లోపలికి వచ్చింది, మీకు వాసన తెలుస్తూనే ఉంటుంది."

మూడువందల మంది వెనక్కి తిరిగి చూశారు. మార్వా మా బల్ల దగ్గర్నుంచి లేచి, మ్యాపు మీద బోర్లించే ఆ రేకు పళ్ళెం నా ఎదురుగా పెట్టింది. ఖాళీది.

వేదిక దిగాక వెండెల్ నా పక్కనే కూర్చున్నాడు. తన పళ్ళెంలోంచి సగం మాంసం కోసి నా దాంట్లో వేశాడు. ఆవుల సంగతి అడిగితే అన్నీ బాగున్నాయన్నాడు, దూడ గెంతుతోందట. తర్వాత జేబులోంచి ఆ నారింజ రంగు పురికొస తీసి నా ఒళ్ళో పెట్టాడు.

"నీ బెల్టు తీసేయ్. ముప్పై ఏళ్ళు ఎవరి తాళమూ, ఏ వస్తువూ దాచకుండా ఉండు. అప్పుడు నీకూ ఒకటి ఇప్పిస్తాను."

నేను మాట మీద నిలబడే మనిషిని. ఆ రోజు నుంచీ పురికొసే కట్టుకుంటున్నాను. ముప్పై ఏళ్ళు నిండేసరికి నాకు తొంభై ఎనిమిది వస్తాయి, అది పెద్ద వయసేం కాదు. చిక్కల్లా లెక్క తిన్నగా సాగకపోవడమే. మొదటి నెలలోనే మూడుసార్లు మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. మూడోసారి మాత్రం తప్పు నాది కాదు. పాస్టరుగారు కళ్ళజోడుని అరటిపండు తొక్క పక్కన పెట్టకూడదు.